సత్యవాది – అసత్యవాది ప్రహేళికలు: తర్కసంగ్రహ దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాచ్య కళాశాలల్లో న్యాయశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థికి చిరకాలంగా తొలి గ్రంథం తర్కసంగ్రహం. 17వ శతాబ్దికి చెందిన దీని కర్త అన్నంభట్టు ఆంధ్రుడు. బాలుర సుఖబోధకై మూలాన్ని, మూలంలోని గహనాంశాల వివరణకై దీపిక అనే వ్యాఖ్యను ఆయనే రచించాడు. అయితే ఈ గ్రంథంలో తర్కమనే అంశం వద్దకు వచ్చేసరికి మన బోధన క్లుప్తమైపోతున్నది. లక్షణవాక్యం, కొండ మీది నిప్పు పొగల ఉదాహరణం – అంతటితో పాఠం ముగుస్తున్నది. విద్యార్థి లక్షణాన్ని తడుముకోకుండా అప్పజెప్పగలడు. తర్కాన్ని స్వయంగా ప్రయోగించుమంటే మాత్రం వెనుదీస్తాడు.

ఎల్లప్పుడూ సత్యమే పలికేవారు, ఎల్లప్పుడూ అసత్యమే పలికేవారు పాత్రలుగా గల ఆధునిక ప్రహేళికలు ఈ లోపాన్ని తీర్చగలవని నిరూపించడం ఈ వ్యాసానికి ప్రథమ ప్రయోజనం. ఆ ప్రహేళికల పరిష్కారం శబ్దప్రమాణ విచారంలోని ఒక మూలప్రశ్నను, అనగా వాక్యార్థం తెలియడానికీ, వాక్యం ప్రమాణమని తెలియడానికీ గల భేదాన్ని, స్పష్టం చేస్తుందని చూపడం ద్వితీయ ప్రయోజనం.

ఉదాహరణలకు రంగస్థలంగా ములకలపల్లిని గ్రహించడమైనది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఈ ప్రాంతం పూర్వం ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. అడవిలో దారి అడగడం వినోదం కోసం కాక నిజమైన అవసరంగా ఉండే చోటు కనుక ఈ ఎంపిక. పాత్రలకు మాత్రం శాస్త్రంలో పరిపాటియైన చైత్ర, మైత్ర, దేవదత్త నామాలనే వాడుకొందాం. వారు కేవల కల్పితులు.

ప్రహేళికా స్వరూపం

అమెరికా తత్త్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1931లో బోస్టన్ పోస్ట్ పత్రికలో ఇటువంటి ప్రహేళికనొకదానిని ప్రకటించాడు. తర్కశాస్త్రజ్ఞుడు రేమండ్ స్మల్యన్ 1978లో వెలువరించిన గ్రంథంతో ఈ ప్రహేళికలకు లోకవ్యాప్తి కలిగింది. వీటికి సమయాలు, అనగా ముందుగా అంగీకరించవలసిన నియమాలు, రెండు. సత్యవాది పలికిన ప్రతి వాక్యమూ యథార్థం. అసత్యవాది పలికిన ప్రతి వాక్యమూ అయథార్థం. ఎవరు ఎటువంటివారో రూపాన్ని బట్టి తెలియదు. వారి మాటలను మాత్రమే ఆధారం చేసుకొని నిర్ణయించాలి.

సులభమైన దానితో ప్రారంభిద్దాం. ములకలపల్లి సంతకు వచ్చిన ఒక బాటసారికి చైత్రుడు, మైత్రుడు ఎదురైనారు. చైత్రుడు, "మేమిద్దరమూ అసత్యవాదులమే" అన్నాడు. మైత్రుడు మౌనంగా ఉన్నాడు. ఎవరు ఎటువంటివారు?

చైత్రుడు సత్యవాది అనుకొందాం. అప్పుడు అతని వాక్యం యథార్థం కావాలి. వాక్యం యథార్థమైతే ఇద్దరూ అసత్యవాదులు. అందువల్ల చైత్రుడూ అసత్యవాదియే. సత్యవాది అనుకొన్నవాడు అసత్యవాది కావడం విరుద్ధం. కనుక చైత్రుడు అసత్యవాది. ఇక అతని వాక్యం అయథార్థం. అనగా ఇద్దరూ అసత్యవాదులు కారు. ఒకడు అసత్యవాది అని తేలింది కనుక రెండవవాడైన మైత్రుడు సత్యవాది. ఒక్క మాటైనా పలుకని మైత్రుని స్వభావం కూడా నిర్ణీతమైనదని గమనింపదగును.

తర్కలక్షణ సమన్వయం

పై పరిష్కారంలో జరిగినదేమిటి? వ్యాప్యాన్ని ఆరోపించి, దాని బలంతో వ్యాపకాన్ని ఆరోపించడం తర్కమని అన్నంభట్టు నిర్వచనం. కొండ మీద నిప్పు లేకుంటే పొగ కూడా ఉండరాదు అనే ప్రసిద్ధోదాహరణంలో నిప్పు లేమి వ్యాప్యం, పొగ లేమి వ్యాపకం. నిప్పు లేమిని ఆరోపిస్తే పొగ లేమి కూడా ఆపాదితమౌతుంది. పొగ ప్రత్యక్షంగా కనిపిస్తున్నది. కనుక ఆరోపం విపర్యయంలో ముగిసి, నిప్పు ఉన్నదనే అనుమానానికి బలం చేకూరుతుంది.

మన ప్రహేళికలో ఆ వాక్యాన్ని పలికిన చైత్రునియందు సత్యవాదిత్వం వ్యాప్యస్థానంలో ఆరోపితం. అతని అసత్యవాదిత్వం వ్యాపకంగా ఆపాదితం. ఒకే వ్యక్తియందు ఈ రెండూ నిలువవు, ఇదే అనిష్టప్రసంగం. వరదరాజుని తార్కికరక్ష తర్కానికి అయిదు అంగాలను చెప్పింది: వ్యాప్తి, ప్రతితర్కంచే దెబ్బతినకపోవడం, విపర్యయంలో పర్యవసించడం, ఆపాదితం అనిష్టం కావడం, అది ప్రతిపక్షానికి అనుకూలించకపోవడం. ఈ గ్రంథానికి నిష్కంటక అనే వ్యాఖ్యను రచించినవాడు మన కొలచెలమ మల్లినాథసూరియే. కావ్యవ్యాఖ్యాతగా మాత్రమే ఆయనను ఎరిగిన విద్యార్థులకు ఈ విషయం చెప్పడం అవసరం.

విద్యార్థులు సాధారణంగా పొరపడేది మూడవ అంగం వద్ద. విరోధం కనబడగానే లెక్క తప్పిందని భావించి వారు ఆగిపోతారు. విరోధమే ఫలమని, అక్కడినుంచి విపర్యయానికి మరలాలని ప్రహేళిక నేర్పుతుంది. పరిష్కారాన్ని నోటితో చెప్పించకుండా, ఆరోపం, ఆపాదనం, అనిష్టం, విపర్యయం అనే నాలుగు పంక్తులుగా వ్రాయిస్తే ఈ అభ్యాసం స్థిరపడుతుంది.

ఒక భేదాన్ని కూడా చెప్పవలసి ఉన్నది. కొండ ఉదాహరణలో పొగ ముందే కనబడుతున్నది. పొగ లేమిని ఆరోపించేవాడికి అది బాధితమని తెలిసే ఆరోపిస్తున్నాడు. అందుచేతనే దానిని ఆహార్యజ్ఞానమంటారు. ప్రహేళికలో అలా కాదు. చైత్రుడు సత్యవాదియా, అసత్యవాదియా అనే రెండు కోటులు గల సంశయంతో మొదలుపెట్టి, ఒక కోటిని గ్రహించి నడుస్తాము. అది బాధితమని చివరకు గాని తెలియదు. గౌతముని షోడశ పదార్థాలలో సంశయం మూడవది, తర్కం ఎనిమిదవది, నిర్ణయం తొమ్మిదవది. సంశయం నుంచి తర్కం మీదుగా నిర్ణయానికి చేరే ఈ మార్గం కొండ ఉదాహరణలో కంటె ప్రహేళికలోనే స్పష్టంగా కనబడుతుంది.

అన్నంభట్టు తర్కాన్ని సంశయ విపర్యయాలతో పాటు అయథార్థానుభవంలో చేర్చాడు. అయథార్థం యథార్థజ్ఞానానికి ఎలా సాయపడుతుందని విద్యార్థులు తరచుగా అడుగుతారు. చైత్రుడు సత్యవాది అనే మన ఆరోపం నిజంగా అయథార్థమే. అయినా అది లేకుండా నిర్ణయం లేదు. తర్కం ప్రమాణం కాదు, ప్రమాణానికి అనుగ్రాహకం అనే శాస్త్రమర్యాదకు ఇంతకంటె సులభమైన దృష్టాంతం దొరకదు.

దారి చీలిక

ప్రహేళికలలో మిక్కిలి ప్రసిద్ధమైనది దారి ప్రశ్న. ములకలపల్లి సమీపాన అడవిలో ఒక చీలికను ఊహించుకొందాం. రెండు దారులలో ఒకటి పాల్వంచకు, మరొకటి దమ్మపేటకు పోతుంది. చీలిక వద్ద ఇద్దరున్నారు. ఒకడు సత్యవాది, మరొకడు అసత్యవాది. ఎవరు ఎవరో వారికి తెలుసును, మనకు తెలియదు. ఒక్కరిని ఒక్క ప్రశ్న మాత్రమే అడుగవచ్చును. పాల్వంచ దారి ఎలా తెలుస్తుంది?

"పాల్వంచ దారి ఏదని అడిగితే నీ తోటివాడు ఏ దారి చూపుతాడు?" అని అడగాలి. అడిగినది సత్యవాదినైతే, అసత్యవాది చూపబోయే తప్పుదారిని అతడు ఉన్నదున్నట్లు చెబుతాడు. అడిగినది అసత్యవాదినైతే, సత్యవాది చూపబోయే సరియైన దారిని తారుమారు చేసి తప్పుదారినే చెబుతాడు. రెండు విధాలా వచ్చేది తప్పుదారియే. కనుక రెండవ దారి పట్టాలి. ప్రశ్న ఇద్దరి గుండా ప్రయాణిస్తుంది కనుక నిషేధం ఎక్కడ పడినా ఒక్కసారి మాత్రం తప్పక పడుతుంది. ఆ నిషేధస్థానం తెలియనక్కరలేదు.

చీలిక వద్ద ఒక్కడే ఉండి, అతడు ఎటువంటివాడో తెలియనప్పుడు వేరొక ఉపాయం ఉన్నది. "ఎడమ దారి పాల్వంచకు పోతుందా అని నేను అడిగితే నీవు ఔనంటావా?" అని ప్రశ్నించాలి. సత్యవాది విషయంలో చిక్కు లేదు. ఎడమ దారి పాల్వంచదే అయినప్పుడు, నేరుగా అడిగితే అసత్యవాది కాదంటాడు. అయితే తాను కాదంటానన్న సంగతిని కూడా దాచవలసినవాడు కనుక, ఈ ప్రశ్నకు ఔననే చెబుతాడు. ఎడమ దారి పాల్వంచది కానప్పుడు ఇదే రీతిగా కాదంటాడు. ఇక్కడ అసత్యవాదియందు నిషేధం రెండుసార్లు పడింది. రెండు నఞ్‌లు ప్రకృతార్థాన్నే బోధిస్తాయనే శాబ్దిక సమయం, అభావాభావం ప్రతియోగిస్వరూపమనే నైయాయిక సిద్ధాంతం ఇక్కడ సమన్వితమౌతాయి. అభావప్రకరణం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణాన్ని ఉపయోగించవచ్చును.

అసత్యవాది వాక్యం ఏ ప్రమాణం?

ఇప్పుడు ముఖ్యప్రశ్న. అసత్యవాది మాట వలన మనకు సరియైన దారి తెలిసింది. ఈ జ్ఞానం శబ్దజన్యమా? ఆప్తవాక్యం శబ్దప్రమాణం, యథార్థవక్త ఆప్తుడు. అసత్యవాది నియమం చేతనే అయథార్థవక్త. కనుక అతని వాక్యం శబ్దప్రమాణం కానేరదు. మరి ఆ జ్ఞానం అనుమితి. ఎడమ దారి పాల్వంచకు పోదు; పోతుందని అసత్యవాది చెప్పినందున; అసత్యవాది ఏది ఎట్లున్నదని చెబుతాడో అది అట్లుండదు – ఇది ప్రయోగస్వరూపం. ఇక్కడ వాక్యం పొగవలె లింగంగా మాత్రమే పనిచేస్తున్నది.

ఇంతవరకు వివాదం లేదు. అయితే ప్రహేళికలో సత్యవాది మాటను గ్రహించే తీరు కూడా ఇదే కదా. ఇతడు సత్యవాది, సత్యవాది చెప్పినది యథార్థం, కనుక ఇది యథార్థం అనే వ్యాప్తిబలంతోనే అంగీకరిస్తున్నాము. అట్లయితే శబ్దం అనుమానంలో అంతర్భవిస్తుందనే వైశేషికమతమే గెలిచినట్లు కాదా?

ఈ పూర్వపక్షానికి దీపికలోనే సమాధానబీజం ఉన్నది. శాబ్దజ్ఞానం అనుమితికంటె విలక్షణమని, శబ్దం వలన తెలుసుకొంటున్నాననే అనువ్యవసాయమే అందుకు సాక్షి అని అన్నంభట్టు నిరూపించాడు. ఈ గీటురాయిని ప్రహేళికకు పెట్టి చూద్దాం. ములకలపల్లిలో ఎరిగిన పెద్ద, "ఈ బాటనే పోవయ్యా, పాల్వంచ వస్తుంది" అన్నప్పుడు, ఆయన చెప్పగా తెలిసింది అంటాము. ప్రహేళికను సాధించినప్పుడు, ఊహించి నిర్ణయించాను అంటాము. అనువ్యవసాయం భిన్నమైనది కనుక జ్ఞానమూ భిన్నమే.

అంతేకాదు. అసత్యవాది మాటను తిరగవేయాలన్నా ముందుగా ఆ మాటకు అర్థం తెలియాలి. ఎడమ దారి పాల్వంచకు పోతుందనే అన్వయబోధ కలగనివాడు దేనిని నిషేధిస్తాడు? ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి గల పదసమూహం నుంచి కలిగే ఆ బోధ సత్యవాది మాటలోను, అసత్యవాది మాటలోను ఒక్కటే. దానిని వ్యాప్తి పుట్టించలేదు, పదశక్తి పుట్టించింది. వ్యాప్తి పనిచేసేది తరువాత, ఆ బోధ ప్రమయా కాదా అని నిశ్చయించేటప్పుడు. ప్రామాణ్యం పరతోగ్రాహ్యమన్న నైయాయికునికి ఇది ఇష్టాపత్తియే. కనుక ప్రహేళిక వైశేషికుని గెలిపించడం లేదు. వాక్యార్థబోధ, ప్రామాణ్యనిశ్చయం అనే రెండు దశలను విడదీసి చూపుతున్నది. నిత్యవ్యవహారంలో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్లనే పాఠంలో వాటి భేదం విద్యార్థికి అందడం లేదు.

మూడవవాడు

సత్యవాదికి, అసత్యవాదికి ఉన్న సామ్యం నియమం. ఆ నియమం లేనివాడు, ఒకప్పుడు సత్యం, ఒకప్పుడు అసత్యం పలికేవాడు మూడవవాడు. అతనిని అనియతుడందాం. హేత్వాభాసలలో సవ్యభిచారం వంటివాడితడు.

చైత్ర మైత్ర దేవదత్తులలో ఒకడు సత్యవాది, ఒకడు అసత్యవాది, ఒకడు అనియతుడు. చైత్రుడు, "మైత్రుడు సత్యవాది" అన్నాడు. మైత్రుడు, "చైత్రుడు అనియతుడు కాడు" అన్నాడు. దేవదత్తుడు, "చైత్రుడు అసత్యవాది" అన్నాడు.

చైత్రుడు సత్యవాది అయితే మైత్రుడూ సత్యవాది కావాలి. సత్యవాది ఒక్కడే కనుక అది పొసగదు. చైత్రుడు అనియతుడు అనుకొందాం. మైత్ర దేవదత్తులలో ఒకడు సత్యవాది కావాలి. చైత్రుడు అనియతుడు కాడన్న మైత్రుని మాట అప్పుడు అయథార్థం కనుక అతడు సత్యవాది కాలేడు. చైత్రుడు అసత్యవాది అన్న దేవదత్తుని మాట కూడా అయథార్థమే కనుక అతడూ కాలేడు. సత్యవాదియే లేకుండా పోవడం అనిష్టం. కనుక చైత్రుడు అసత్యవాది. మైత్రుడు సత్యవాది అన్న అతని మాట అయథార్థం; కాబట్టి మైత్రుడు అనియతుడు, దేవదత్తుడు సత్యవాది.

ఇందులో అనియతుడైన మైత్రుడు పలికినది ఈ సందర్భంలో యథార్థమే. అయినా నిర్ణయంలో దానికి ప్రమాణస్థానం లేదు. అతడు సత్యవాది అయితే ఏమగునో చూచుటకు మాత్రమే ఆ మాట ఉపకరించింది. నియతమైన అసత్యం జ్ఞానసాధనం కాగలిగింది. అనియతమైన సత్యం కాలేకపోయింది. జ్ఞానానికి మూలం వ్యాప్తి గాని యాదృచ్ఛిక సంవాదం కాదనే సూత్రం ఇక్కడ కరతలామలకం. జార్జ్ బూలోస్ 1996లో ప్రకటించిన అతి కఠిన ప్రహేళికలో కూడా ముగ్గురు దేవతలలో ఒకడు అనియతుడు. అక్కడ పరిష్కర్త మొదటి యత్నం అనియతుడు కాని ఒకనిని గుర్తించడానికే.

స్వవచనవ్యాఘాతం

"నేను అసత్యవాదిని" అనే మాటను రెండు వర్గాలవారే ఉన్న చోట ఎవ్వరూ పలుకలేరు. సత్యవాది పలికితే అయథార్థం, అసత్యవాది పలికితే యథార్థం అవుతుంది, రెండూ సమయవిరుద్ధం. అనియతుడు మాత్రం పలుకగలడు. ఇది కేవలం ప్రహేళికానియమం వల్ల వచ్చిన అసంభవం. "ఈ వాక్యం అసత్యం" అనే వాక్యం వేరు. అది తనను తానే విషయం చేసుకొని, సత్యమన్నా అసత్యమన్నా నిలువదు. "నేను చెప్పేదంతా అసత్యం" అనేది మూడవ విధం. వక్త మరెప్పుడైనా ఒక్క సత్యం పలికి ఉంటే అది విరోధం లేకుండా కేవలం అసత్యవాక్యమౌతుంది. ఈ మూటినీ కలిపివేయరాదు.

ఈ మూడవ వాక్యాన్ని భర్తృహరి వాక్యపదీయం తృతీయకాండలోని సంబంధసముద్దేశంలో విచారించాడు. వక్త అట్లా అన్నప్పుడు ఆ వాక్యాన్ని కూడా అందులో చేర్చి చెప్పాలని అతని వివక్ష కాదని ఆయన సమాధానం. సర్వప్రమాణాలను నిషేధించేవాని నిషేధానికి ప్రమాణమేదని న్యాయసూత్రాల ద్వితీయాధ్యాయం ప్రశ్నించింది. ఇదే తరహా ఆక్షేపం నాగార్జునుని విగ్రహవ్యావర్తని గ్రంథంలోనూ విచారితమైనది. తాను ప్రతిజ్ఞ ఏదీ చేయలేదని ఆయన సమాధానం చెప్పాడు. ప్రహేళికల ద్వారా పై త్రివిధ భేదాన్ని ఎరిగిన విద్యార్థికి ఈ వాదాలలో ప్రవేశం సులభమౌతుంది.

సత్యవాది ఆప్తుడేనా?

ప్రహేళిక తీసుకున్నది ఒక్క దోషాన్ని మాత్రమే. భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అని వక్తృదోషాలు నాలుగు. అసత్యవాదిలో ఉన్నది విప్రలిప్స, అనగా వంచింపవలెననే కోరిక. తక్కిన మూడింటిని ప్రహేళిక సమయం ముందే తొలగించింది; అక్కడ అందరికీ అన్నీ తెలుసును. స్మల్యన్ తన గ్రంథంలోనే భ్రమను కూడా చేర్చిన ప్రహేళికలు కల్పించాడు. విపరీతజ్ఞానం కలవాడు అసత్యం చెప్పబోయి యథార్థం పలుకుతాడు. రెండు నిషేధాల న్యాయమే మళ్ళీ ప్రవర్తిస్తుంది.

నిజమైన అడవిలో బాటసారిని తప్పుదారి పట్టించేది చాలవరకు విప్రలిప్స కాదు, దారి తెలియని భ్రమయే. అందువల్లనే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుని నిర్వచిస్తూ విషయాన్ని సాక్షాత్కరించుకొని ఉండటాన్ని, దానిని ఉన్నట్లు తెలియజెప్పవలెననే కోరికను కూడా చేర్చాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని కూడా ఆయన స్పష్టం చేశాడు. ఈ వాక్యానికి మన తరగతి గదులలో ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదు. ములకలపల్లి పరిసరాల అటవీమార్గాల విషయంలో ఆ అడవిలో పుట్టి పెరిగిన కోయ పెద్ద ఆప్తుడు. అనేక శాస్త్రాలు చదివి ఆ అడవిని చూడని పండితుడు కాడు. ఆప్తత్వం విషయాన్ని బట్టి వచ్చేదే గాని కులాన్ని బట్టి, పట్టాను బట్టి వచ్చేది కాదని శాస్త్రమే చెబుతున్నది.

మరొక పరిమితిని మహాభారతం చూపుతున్నది. కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన కౌశికుని కథ ఒక విధంగా దారి ప్రశ్నయే. సత్యవ్రతుడైన కౌశికుడు, దొంగలకు వెరచి అడవిలో దాగినవారి జాడను ఆ దొంగలు అడుగగా ఉన్నదున్నట్లు చెప్పాడు. వారు హతులైనారు, కౌశికుడు నరకగతుడైనాడు. ప్రహేళికలో అడిగేవాడెవడన్న ప్రశ్నకు తావు లేదు. లోకంలో అదే ముఖ్యం. తర్కం వాక్యపు యాథార్థ్యాన్ని నిర్ణయిస్తుంది. దానిని ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ధర్మవిచారం. ఈ సరిహద్దును కూడా విద్యార్థికి చూపాలి.

ఉపసంహారం

తర్కసంగ్రహ బోధనలో ఈ ప్రహేళికలకు మూడు స్థానాలు కేటాయించవచ్చును. తర్కలక్షణం చెప్పగానే సంత ప్రహేళికను, అభావప్రకరణంలో దారి ప్రశ్నను, హేత్వాభాసల తరువాత అనియతుని ప్రహేళికను ఇవ్వాలి. శబ్దఖండం ముగిసిన పిమ్మట, అసత్యవాది వాక్యం వలన కలిగిన జ్ఞానం ఏ ప్రమాణజన్యమో చర్చించుమని అడగాలి. విద్యార్థులనే తమ తమ గ్రామాల పేర్లతో, బాటలతో కొత్త ప్రహేళికలు కల్పించుమని ప్రోత్సహిస్తే లక్షణం కంఠస్థమై మాత్రమే మిగలక బుద్ధిస్థమౌతుంది.

వాక్యం విన్న వెంటనే అర్థం తెలుస్తుంది. అది నమ్మదగినదని తెలియడానికి విచారం కావాలి. ఈ రెంటి నడుమ ఎడాన్ని గుర్తించి, ఆ ఎడంలో తర్కాన్ని నిలుపగలవాడే తర్కసంగ్రహం చదివినవాడు. సహృదయులైన అధ్యాపకులు ఈ పద్ధతిని తమ తరగతులలో పరీక్షించి, గుణదోషాలను విచారింతురు గాక.